ఎండీవర్ ఓడ చెక్క నమూనా (1:64): ముక్కు దగ్గర పలకలు మెట్లు మెట్లుగా లేస్తున్నాయి

సాగరతీరం

అందరికీ నమస్కారం. 18వ శతాబ్దపు ఇంగ్లిష్ నావికుడు కెప్టెన్ కుక్ నడిపిన ఎండీవర్ కిట్ మీద పని జరుగుతోంది. స్కేలు 1:64, రెండు పొరల పలకలు. మొదటి పొరకి లైమ్ (నిమ్మ కాదు, లిండెన్) కర్ర 1.5×5 మి.మీ., రెండో పొరకి వాల్‌నట్ 1×4. కీల్ (ఓడ వెన్నెముక) 5 మి.మీ. ప్లైవుడ్, దానికి అడ్డంగా ఓడ ఆకారమిచ్చే చట్రాలు, అంటే బల్క్‌హెడ్‌లు, 11. డెక్ అంచు గీత దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతూ రెండు పక్కలా తొమ్మిదేసి పలకలు అయ్యాయి. అన్నీ పూర్తి వెడల్పులోనే వేశాను, ఎక్కడా సన్నం చేయలేదు.

నడుం దగ్గరా వెనకా బాగానే ఉంది. తిప్పలన్నీ ముక్కు దగ్గరే.

నాలుగో పలక దాకా బుద్ధిగా కూర్చున్నాయి. ఐదో దాని నుంచి ముందు కొస కింది అంచు పైకి లేస్తోంది. పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి, మెట్టు సుమారు 0.7 మి.మీ. ఉంది. ఒకటో బల్క్‌హెడ్‌కీ రెండోదానికీ మధ్య గుండ్రం రాకుండా చదునుగా ఉండిపోయింది. పై నుంచి చూస్తే కీల్ మధ్యలో 2 మి.మీ. ఎడమకి వంగింది. మొదట తిన్నగానే ఉండేది. ఇవి చాలవన్నట్టు, అంటించినప్పుడు సందు లేని చోట నాలుగు రోజులకి వెంట్రుక మందం సందులు తెరుచుకున్నాయి.

పలకలని వేడినీళ్లలో నానబెట్టి, వంచి, వెంటనే అంటిస్తున్నాను. తెల్ల జిగురు, చివర్లలో సూపర్ గ్లూ. మాది విశాఖ, సముద్రానికి దగ్గర, ఇప్పుడు వర్షాలు. మొత్తం పీకెయ్యాలా, పుట్టీతో సరిపెట్టొచ్చా? అడుగున వేయడానికి రాగి రేకులు విడిగా కొనిపెట్టాను, అవి ఏ దశలో అంటించాలో కూడా చెప్పగలరు.

---

చిత్రిక

సాగరతీరం గారూ, మీరు చెప్పిన నాలుగూ నాలుగు వేరే జబ్బులు. వరసగా చూద్దాం.

పలక ఎక్కడం ముందు. ఎండీవర్ యుద్ధానికి కట్టిన ఓడ కాదు, ఇంగ్లండ్‌లోని విట్బీలో బొగ్గు మోయడానికి కట్టింది. ఎక్కువ సరుకు పట్టాలని ముక్కుని బండగా, దాదాపు అరగుండ్రంగా కట్టేవారు. అంచేత డెక్ నుంచి కీల్ దాకా చుట్టుకొలత నడుం దగ్గర ఎంత ఉంటుందో ముక్కు దగ్గర అంత ఉండదు. నడుం దగ్గర 5 మి.మీ. పలకలు ఎన్ని పడతాయో అన్నీ అదే వెడల్పుతో ముక్కు దగ్గర పట్టవు. చోటు చాలని పలక పక్కదాని మీదికి ఎక్కుతుంది, అంతే. ఎంత నానబెట్టినా, ఎంత బిగించినా చోటు పెరగదు. చాలామంది దీన్ని వంచే పనిలో లోపం అనుకుని వంపు పరికరాల మీద డబ్బు తగలేస్తారు. నిజానికి ఇది కొలతలో లోపం. మొదటి పలక అంటించే ముందే ఏ పలక ఎక్కడ ఎంత వెడల్పు ఉండాలో బల్క్‌హెడ్‌ల మీద గుర్తు పెట్టుకోవాలి.

కొలిచే పద్ధతి చెబుతాను. సెంటీమీటరు వెడల్పున్న కాగితం పట్టీ తీసుకుని ఒక్కో బల్క్‌హెడ్ అంచు వెంబడి, డెక్ గీత నుంచి కీల్ గాడి దాకా పరిచి రెండు కొసలూ గీయండి. పట్టీని విప్పి స్కేలుతో కొలవండి. కనీసం నాలుగు చోట్ల కావాలి: ముందు దూలం (ముక్కు కొసన పైకి లేచే దూలం) గాడి వెంబడి, రెండో బల్క్‌హెడ్, నడుం దగ్గర అన్నిటికన్నా వెడల్పైనది, వెనక చివరిది. ఆ నాలుగు అంకెలూ ఇక్కడ పెట్టండి, లెక్క కడదాం.

ఇక చదును. దీనికి రెండు కారణాల్లో ఒకటి ఉంటుంది. బల్క్‌హెడ్ అంచుల్ని వాలుగా అరగదీయకపోతే పలక అంచు పూర్తి మందం మీద కాకుండా ఒక మూల మీదే ఆనుతుంది. నడుం దగ్గర వాలు దాదాపు అక్కర్లేదు, ముక్కు దగ్గర మొదటి రెంటికీ 45 డిగ్రీలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తీయాల్సొస్తుంది. పరీక్ష తేలిక: ఒక పలకని పొడిగానే నాలుగు బల్క్‌హెడ్‌ల మీద పెట్టి చూడండి. ఎక్కడా వెలుగు కనబడకూడదు, ఎక్కడా మూల గుచ్చుకోకూడదు. రెండో కారణం, ఆ మలుపులో ఆధారం లేకపోవడం. పలక 40 మి.మీ. దూరంలో దాదాపు లంబంగా తిరగాలి, మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇంత బండ ముక్కుకి రెండు బల్క్‌హెడ్‌లు చాలవు. ఖాళీల్లో మెత్తటి కర్ర దిమ్మలు బిగించి, ముక్కు ఆకారానికి చెక్కుకోవాలి. కిట్‌లో అవి ఇవ్వకపోయినా పెట్టి తీరాలి.

కీల్ వంగడానికి కారణం ఒక పక్క రెండు మూడు పలకలు వరసగా వేసి తరవాత రెండో పక్కకి వెళ్లడం అయ్యుంటుంది. తడి పలక ఆరుతూ ముడుచుకుంటుంది, ఆ లాగుడుకి 5 మి.మీ. ప్లైవుడ్ ఆగదు. కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి, అదీ ఒకే పూట వెయ్యాలి.

---

రంపపుపొట్టు

చిత్రిక గారి లెక్కతో పేచీ లేదు. కానీ మొత్తం పీకమని ఎవరైనా అంటే వినకండి. రెండు పొరల కిట్‌లో మొదటి పొర కంటికి కనబడేది కాదు, దాని పని ఆకారం ఇవ్వడం ఒక్కటే. మెట్టు 0.7 అన్నారు. పలక మందం 1.5. మెట్టుని పూర్తిగా అరగదీసినా 0.8 మిగులుతుంది, లోపలి నుంచి ఆధారం ఉంటే అది చాలు. వేలితో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే అరగదీసి పుట్టీ పెట్టి ముందుకి పోండి. డప్పులా ఊగితే మాత్రం ఆ చోట పీకాల్సిందే, ఎందుకంటే ఊగే చోట అరగదీస్తే కర్ర లోపలికి నొక్కుకుపోయి, చెయ్యి తీయగానే తిరిగి బుడిపె లేస్తుంది.

సందుల సంగతి నేను చెబుతాను. కారణం మీ వాక్యంలోనే ఉంది: నానబెట్టి, వంచి, వెంటనే అంటించడం. నీళ్లు తాగిన కర్ర పొడవులో పెద్దగా పెరగదు, వెడల్పులో పెరుగుతుంది. ఉబ్బిన పలకని పక్కదానికి ఆనించి అంటిస్తే అది ఆరాక కుంచించుకుపోతుంది, సందు పడుతుంది. తడిమీద తెల్ల జిగురు కూడా పలచబడి పట్టు తగ్గుతుంది. కాబట్టి నానబెట్టండి, వంచండి, ఓడ మీదే క్లిప్పులతో బిగించండి, జిగురు లేకుండా రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున తీస్తే వంపు నిలిచి ఉంటుంది, కర్ర పొడిగా ఉంటుంది. అప్పుడు అంటించండి. లైమ్‌కి 15 నుంచి 20 నిమిషాల నాను చాలు, పూటంతా పడేస్తే పీచు లేస్తుంది.

సముద్రపు గాలికి చెయ్యాల్సింది ఒకటే. కిట్ కర్రలన్నీ పెట్టె నుంచి తీసి, పని చేసే గదిలోనే కొన్నాళ్లు విడివిడిగా ఉంచండి. వర్షాకాలంలో తలుపులు తీసి అంటించి, తరవాత నమూనాని ఏసీ గదిలో పెడితే డెక్ పలకలు కూడా విడతాయి.

సూపర్ గ్లూ గురించి. తేమ ఎక్కువున్న రోజు అది ఆరుతూ చుట్టూ తెల్లటి పొగలాంటి మరక వదులుతుంది. మొదటి పొరలో ఫరవాలేదు. రెండో పొరలో ఆ మరక మీద వార్నిష్ పట్టదు, మచ్చ బయటపడుతుంది. పైగా ఆ అతుకు పెళుసు, తట్టు తగిలితే విడిపోతుంది. పలక కొసని పట్టి ఉంచడానికి ఒక చుక్క, మిగతా అంతా తెల్ల జిగురు. బల్క్‌హెడ్ మీదా, పక్క పలక అంచు మీదా కూడా రాయాలి. అంచుకి రాయకపోతే రేపు అరగదీసేటప్పుడు పలకలు ఒక్కోటీ ఒక్కో రకంగా ఊగుతాయి.

ముక్కు దిమ్మలకి బాల్సా కోసం ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి దొరికితే అదే తీసుకోండి. తేలిక, మెత్తన, చాకుతో ఎటు కావాలంటే అటు తెగుతుంది. గుండుసూది గుచ్చినా చీలదు.

---

సాగరతీరం

ఇద్దరికీ ధన్యవాదాలు. కాగితం పట్టీతో కొలిచాను. ముందు దూలం గాడి వెంబడి 105 మి.మీ., రెండో బల్క్‌హెడ్ 126, నడుం 150, వెనక చివరిది 160. ముక్కు దగ్గర ఐదో పలక నుంచి నొక్కితే ఊగుతోంది. పై నాలుగూ గట్టిగా ఉన్నాయి. అంచులు అరగదీశాను కానీ ముక్కు దగ్గర 45 డిగ్రీలంత తీయలేదు, బహుశా 20.

---

చిత్రిక

అయితే పై నాలుగూ ఉంచి, ఐదు నుంచి తొమ్మిది దాకా రెండు పక్కలా తీసేయండి. అది రంపపుపొట్టు గారి పరీక్ష చెప్పిన తీర్పే.

తీసే పద్ధతి: తెల్ల జిగురు అతుకు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో అద్ది కొద్దిసేపు ఆగితే మెత్తబడుతుంది. పలచటి బ్లేడు దూర్చి లేపండి. సూపర్ గ్లూ పెట్టిన కొసలకి అసిటోన్ కావాలి. రెండూ మంట అంటుకునేవే, కిటికీలు తీసి, దగ్గర్లో పొయ్యి, వేడి ఇస్త్రీ లేకుండా చూసుకోండి. బల్క్‌హెడ్ మీద మిగిలిన జిగురుని పూర్తిగా గీకెయ్యాలి. పాత జిగురు పొర మీద కొత్త జిగురు పట్టదు.

ఇప్పుడు లెక్క. నడుం దగ్గర 150, పలక 5, అంటే మొత్తం 30 పలకలు. నాలుగు అయిపోయాయి, వాటికి ప్రతిచోటా 20 మి.మీ. ఖర్చయింది. మిగిలినవి 26.

ముందు దూలం దగ్గర 105లో 20 పోతే 85. 26తో భాగిస్తే సుమారు 3.3 మి.మీ. రెండో బల్క్‌హెడ్ దగ్గర 106ని 26తో భాగిస్తే దాదాపు 4.1. నడుం దగ్గర 130కి 26, సరిగ్గా 5. అంటే ఒక్కో పలకా నడుం దాటాక సన్నబడటం మొదలై, రెండో బల్క్‌హెడ్ దగ్గర 4.1, కొస దగ్గర 3.3 కావాలి. పలక తన వెడల్పులో సగం కన్నా సన్నబడకూడదని పాత నియమం, ఇక్కడ సగమంటే 2.5. మీకు 3.3 ఉంది కాబట్టి ముక్కు దగ్గర ఏ పలకనీ మధ్యలో ఆపేయాల్సిన పని లేదు. తొమ్మిదీ అలాగే ఉంచితే ఏమయ్యేదో కూడా చూడండి: 105లో 45 పోతే 60, మిగిలిన 21 పలకలకి ఒక్కోటీ 2.9 కూడా రాదు. అదీ గీటు దాటదు గానీ, వెడల్పు పలకలు పైనా ఈనెల్లాంటివి కిందా చేరి అసహ్యంగా ఉంటుంది. రెండో పొరలో కూడా అదే వంకర వెంట నడవాలనిపిస్తుంది.

వెనక ఎదురు సమస్య. 160లో 20 పోతే 140, 26 పలకలు 130 నింపుతాయి. 10 మి.మీ. ఖాళీ. అక్కడ పలకని వెడల్పు చేయలేం, అదనంగా రెండు పొట్టి పలకలు దూర్చాలి. వాటినే స్టీలర్లు అంటారు. కీల్‌కి దగ్గరగా, నీటిగీతకి బాగా దిగువన పెట్టండి. రెండూ పక్కపక్కన వద్దు, మధ్యలో కనీసం రెండు మామూలు పలకలు ఉండాలి. స్టీలర్ ముందు కొసని సూదిలా చెక్కకండి, అంత సన్నటి కొస జిగురు తగిలితేనే చిరిగిపోతుంది, అసలు ఓడల్లో ఆ కొసకి మేకు కూడా పట్టేది కాదు. కొస 2.5 వెడల్పు ఉంచి, అది కూర్చునేలా పక్క పలకలో చిన్న గాడి తీయండి.

సన్నం చేసేటప్పుడు కుడి ఎడమ పలకలు రెంటినీ జంటగా క్లిప్పు పెట్టి, ఉక్కు స్కేలు ఆనించి ఒకేసారి చిత్రిక పట్టండి. రెండు పక్కలా ఒకే ఆకారం వస్తుంది. కోత ఎప్పుడూ పైపలకకి ఆనే అంచు మీద పెట్టండి, అంటే పలక దిగువ అంచు ఫ్యాక్టరీ అంచుగానే ఉంటుంది, తరవాతి పలకకి తిన్నటి ఆధారం దొరుకుతుంది.

26నీ ఏకబిగిన కిందికి దింపకండి. బల్క్‌హెడ్‌ల మీద ఆరేడు పలకలకో గుర్తు చొప్పున నాలుగు పట్టీలుగా విభజించుకోండి. ఒక పట్టీ అయ్యాక మిగిలిన దూరాన్ని మళ్లీ కొలిచి మళ్లీ భాగించండి. అరగదీయడంలో ఒక్కో పలకకీ 0.1 తేడా వచ్చినా 26 దగ్గరికి 2.6 అవుతుంది, అంటే అర పలక. ఈ తేడాని పట్టీ పట్టీకీ సరిచేసుకుంటూ పోతే చివర్లో బయటపడదు. కీల్‌కి ఆనే మొదటి పలకని కూడా ముందే వేసి, ఆఖరి పలక మధ్యలో మూసుకునేలా రావడం మంచిది. కీల్ పక్క పలకని ముక్కు దగ్గర పైకి ఎగబాకనివ్వకండి, ముందు దూలం వంపు మొదలయ్యే చోటే ఆపేయండి. అది పైకి పోతే మిగతా వాటి చోటు తింటుంది.

కీల్ వంపు తియ్యడానికి ఇదే అదను. ఐదేసి పలకలు పోయాక బిగువు చాలావరకు సడలుతుంది. రెండు అల్యూమినియం ఎల్-యాంగిల్ ముక్కల మధ్య కీల్‌ని బిగించి, ముందు దూలం నుంచి వెనక దూలానికి దారం లాగి తిన్నదనం చూసి, బల్క్‌హెడ్‌ల మధ్య ఖాళీల్లో 10×10 కర్రముక్కలు సరిగ్గా సరిపడేలా కోసి రెండు పక్కలా అంటించండి. ముక్క కొద్దిగా పొడవైనా బల్క్‌హెడ్‌ని తోసేస్తుంది, జాగ్రత్త. జిగురు పూర్తిగా ఆరాకే యాంగిల్ తీయండి.

---

రంపపుపొట్టు

దిమ్మల గురించి ఒక మాట కలుపుతాను, 20 డిగ్రీలు అన్నారు కాబట్టి. పొణికి దిమ్మ అంటించాకే వాలు పూర్తి చేయండి. అప్పుడు బల్క్‌హెడ్ అంచూ దిమ్మా కలిసి ఒకే తలంగా అరుగుతాయి. ప్లైవుడ్ గట్టి, పొణికి మెత్తన. చేత్తో గరుకు కాగితం పట్టి రుద్దితే మెత్తటిది లోతుగా పోయి గుంట పడుతుంది. కాగితాన్ని ఒక సన్నటి వంగే పలకకి అంటించి, ఆ పలకతో మూడు బల్క్‌హెడ్‌లని కలిపి రుద్దండి. 120 గరుకుతో మొదలుపెట్టండి. గుండ్రం ఎంత రావాలో ప్లాన్‌లో పై నుంచి చూపిన డెక్ గీత చెబుతుంది, దాన్ని అట్టమీద దించి కోసుకుంటే మూస తయారు. కుడికి పెట్టిన మూసనే తిరగేసి ఎడమకి పెట్టండి. ముక్కు ఒక పక్క బుగ్గ ఎత్తుగా రావడం ఈ ఓడ నమూనాల్లో తరచూ కనబడే తప్పు, ఫొటోలో ఎదురుగా చూస్తే ఇట్టే దొరుకుతుంది.

కిట్‌లో ఇచ్చే ఇత్తడి మేకులు మొదటి పొరలో సగమే దిగ్గొట్టి, జిగురు ఆరాక పీకెయ్యండి. ప్లైవుడ్ అంచుకి మేకు కొడితే పొరలు విడతాయి, ముందు 0.5 డ్రిల్లుతో బెజ్జం వెయ్యాలి.

రెండో పొర వాల్‌నట్ గురించి చిత్రిక గారితో నాకు చిన్న తేడా ఉంది. ఆ లెక్కని మళ్లీ 4 మి.మీ.కి కట్టమని వారు అంటారనుకుంటాను. కడితే మంచిదే. కానీ ఈ ఓడకి నీటిగీత కింద అంతా తెల్లరంగు వేస్తారు. అక్కడ పలక వరస ఎంత అందంగా ఉన్నా రంగు కిందికే. కష్టపడాల్సింది వేల్ అనే మందపు పట్టీ నుంచి పైకి, కనబడే పలకల మీద. కింద ఆకారం నున్నగా ఉంటే చాలు.

---

చిత్రిక

రంగు వేసినా సందు సందే. వాల్‌నట్ బిగువుగా వంచి పెడితే ఆర్నెల్లకి రంగు మీదే గీత తేలుతుంది. అడుగున స్టీలర్లు అందంగా లేకపోయినా ఒప్పుకుంటాను, బలవంతంగా పక్కకి వంచిన పలక మాత్రం వద్దు. వాల్‌నట్ పలకని దాని వెడల్పు దిశలో వంచడం దాదాపు అసాధ్యం, అంచు విరుగుతుంది. అట్టముక్క మీద పక్క పలక అంచుని దించుకుని, ఆ వంకర ప్రకారం వెడల్పాటి వాల్‌నట్ చెక్క నుంచి కోసుకోవాలి. ముక్కు దగ్గర ఒక్కో పక్కా మూడు నాలుగు పలకలకే ఈ పని పడుతుంది, అన్నిటికీ కాదు.

---

కోరంగి

రాగి రేకుల సంగతి ఎవరూ ఎత్తలేదు. సాగరతీరం గారూ, ఆ రేకులు ఇంకో ఓడకి దాచుకోండి. ఎండీవర్ అడుగుకి రాగి లేదు.

బ్రిటిష్ నౌకాదళం రాగి తొడుగుని మొదట 1761లో అలార్మ్ అనే ఓడ మీద పరీక్షించింది. దళమంతటికీ వేయడం 1779 తరవాతే జోరందుకుంది. ఎండీవర్ 1764లో ఎర్ల్ ఆఫ్ పెంబ్రోక్ పేరుతో బొగ్గు ఓడగా పుట్టింది, 1768లో నౌకాదళం కొని లండన్ దగ్గరి డెట్‌ఫర్డ్ నౌకాశాలలో మార్పులు చేసింది. ఉష్ణ సముద్రాల్లో కర్రని తొలిచే పురుగుకి అడ్డంగా అసలు పలకల మీద ఇంకో పలచటి పలకల పొర వేసి, దాన్నిండా వెడల్పు తలల ఇనప మేకులు దగ్గరదగ్గరగా కొట్టారు. పురుగు తింటే పైపొరనే తింటుందన్నమాట. దాని పైన తెల్లపూత. ఆ కాలపు తెల్లపూతలో చేప జాతి నూనె, రాజనం అనే చెట్టు బంక, గంధకం కలిసేవి.

నమూనా మీద అది మిలమిల్లాడే తెల్లరంగు కాకూడదు. తెలుపులో కొద్దిగా పసుపూ చిటికెడు బూడిదా కలిపి, మెరుపులేని రంగు పలచగా నాలుగు పొరలు వేయండి. మేకుల తలలు చూపించాలని ఉబలాటపడకండి, 1:64లో అవి కంటికి ఆనవు.

నీటిగీత గీసేటప్పుడు ఓడని ప్లాన్‌లో ఉన్న వాలులోనే బిగించాలి. వెనక భాగం ముక్కు కన్నా కొంచెం లోతుగా కూర్చుంటుంది, కాబట్టి కీల్‌ని బల్ల మీద చదునుగా పెట్టి గీస్తే గీత తప్పుతుంది. దిమ్మకి పెన్సిల్ కట్టి బల్ల మీద జరుపుతూ చుట్టూ గీయండి.

కిట్ బొమ్మలో ముక్కున శిల్పం ఏదైనా ఉంటే తీసెయ్యండి, ఈ బొగ్గు ఓడకి ముఖశిల్పం లేదు. ఫిరంగులకి ఏ తేదీ ఓడని చేస్తున్నారో ముందు తేల్చుకోండి. బయల్దేరినప్పుడు 4 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగులు 10, గోడల మీద తిరిగే చిన్న తుపాకులు 12. 1770 జూన్ 11న గ్రేట్ బారియర్ రీఫ్ మీద ఎక్కి చిక్కుకున్నప్పుడు బరువు తగ్గించడానికి ఆరు ఫిరంగులు సముద్రంలోకి తోశారు (అవి 1969లో దొరికాయి). అంటే ఆ తేదీ తరవాతి ఓడ చేస్తే డెక్ మీద నాలుగే ఉండాలి. ఎక్కువమంది 1768 రూపమే ఎంచుకుంటారు, ప్లాన్‌లు కూడా ఆనాటి డెట్‌ఫర్డ్ చిత్రాల మీదే ఆధారపడతాయి.

1993లో ఆస్ట్రేలియాలో నీటిలోకి దింపిన ప్రతిరూపం సిడ్నీ సముద్ర మ్యూజియంలో ఉంది. డెక్ అమరిక, తాళ్లు ఎక్కడ కట్టుకున్నారో చూడటానికి దాని ఫొటోలకి మించినది లేదు. అయితే అది నిజంగా సముద్రంలో తిరిగే ఓడ, ఇంజన్లు ఉన్నాయి, నేటి భద్రతా నియమాల ప్రకారం చేర్చినవి ఉన్నాయి. అనుమానం వస్తే పాత చిత్రాలకే ఓటు.

---

సాగరతీరం

రాగి ఖర్చు వృథా అయినా తప్పు ఓడ తయారుకాకుండా బయటపడ్డాను. డెక్ పలకలకి కొలతలు, తాళ్ల మందం కూడా ఎవరైనా చెబితే ఇదే చర్చలో ఉంటుంది. కిట్‌లో ఇచ్చిన నల్లదారం 1 మి.మీ., 0.5, 0.25 అని మూడే ఉన్నాయి.

---

తాడూముడీ

డెక్ త్వరగా చెబుతాను. అసలు పలక 10 అంగుళాలు అనుకుంటే 1:64లో 4 మి.మీ. పొడవు 20 నుంచి 24 అడుగులు, అంటే 95 నుంచి 114 మి.మీ. ఒకే పొడవు పలకని డెక్ మొత్తానికీ వేస్తే అబద్ధంగా కనబడుతుంది. 100 మి.మీ. ముక్కలుగా కోసి, అతుకులు పక్కపక్క వరసల్లో కలవకుండా నాలుగు వరసలకోసారి మళ్లీ అదే చోటికి వచ్చేలా పేర్చండి. కీళ్లలో తారు గీతకి పలక ఒక అంచుకి మాత్రమే 2బి పెన్సిల్ రుద్దండి. రెండు అంచులకీ రుద్దితే గీత లావవుతుంది. నల్ల స్కెచ్ పెన్ వద్దు, వార్నిష్ తగలగానే కర్రలోకి పాకుతుంది. కర్రమేకుల చుక్కలు పెట్టకపోయినా నష్టం లేదు, పెడితే 0.4 మి.మీ. దాటకూడదు.

తాళ్లు. ఇక్కడ అందరూ జారేది ఒకేచోట. పాత పట్టికల్లో తాడు కొలత అడ్డంగా మందం కాదు, చుట్టుకొలత. 12 అంగుళాల తాడు అంటే చుట్టూ 12 అంగుళాలు. దాన్నే మందం అనుకుంటే నమూనా మీద మూడింతలు లావు తాళ్లు వేలాడతాయి. లెక్క: 12 అంగుళాలు 305 మి.మీ., 3.14తో భాగిస్తే 97, మళ్లీ 64తో భాగిస్తే 1.5 మి.మీ. అదే 7 అంగుళాల తాడైతే 0.9, ఒకటిన్నర అంగుళాల తాడైతే 0.2. కొయ్యల్ని ముందుకి లాగిపట్టే స్టేలు లావు, పక్కలకి దిగే ష్రౌడ్‌లు వాటికన్నా సన్నం, పైకి పోయేకొద్దీ ఇంకా సన్నం. మీ మూడు దారాలతో ఈ తేడా రాదు. కనీసం ఆరు మందాలు కావాలి: 1.5, 0.9, 0.7, 0.5, 0.35, 0.2.

నూలు దారం వద్దు. నూగు లేస్తుంది, తేమ మారినప్పుడల్లా దాని బిగువు మారుతుంది, విశాఖలో ఏడాది పొడవునా అదే ఆట. కుట్టుమిషన్ పాలియెస్టర్ దారాలని మూడు పాయలుగా పేని తాడు చేసుకోవచ్చు. ఒక పక్క కొక్కెం, రెండో పక్క చేతి డ్రిల్లు, మూడు పాయలకీ ముందు ఒక దిశలో మెలి, తరవాత కలిపి ఎదురు దిశలో మెలి. పేనాక పొడవు దాదాపు మూడో వంతు తగ్గుతుంది, కోసుకునేటప్పుడే కలుపుకోండి. కదలని తాళ్లకి తారు రంగు అంటే ముదురు గోధుమ, బొగ్గు నలుపు కాదు. తెరచాపలు లాగే తాళ్లకి లేత గోధుమ.

ష్రౌడ్‌లని కొయ్యకి జంటలుగా వేస్తారు. కుడి పక్క ముందు జంట మొదట, తరవాత ఎడమ ముందు జంట, మళ్లీ కుడి. ఈ వరస తప్పితే కొయ్య తల దగ్గర చుట్లు కుడి ఎడమలకి ఒకే ఎత్తున కూర్చోవు. కింద ష్రౌడ్ కొసకి డెడ్‌ఐ (బెజ్జాలున్న గుండ్రటి కర్రదిమ్మ) కట్టేటప్పుడు పై డెడ్‌ఐకీ కింది డెడ్‌ఐకీ మధ్య దూరం అన్నిటికీ ఒకటే ఉండాలి. గట్టి తీగని రెండు కొసలా వంచి రెండు డెడ్‌ఐల బెజ్జాల్లో దూర్చి, అది పట్టి ఉంచగా కట్టండి. కంటి కొలతతో కడితే ఎత్తుపల్లాలు వస్తాయి, ఈ ఒక్క తప్పూ గది అవతలి నుంచి కనబడుతుంది.

నిచ్చెన మెట్లలాంటి రాట్‌లైన్ల మధ్య దూరం 13 నుంచి 15 అంగుళాలు, మీ స్కేలులో 5.2 నుంచి 6 మి.మీ. తెల్లకాగితం మీద 5.5 చొప్పున గీతలు గీసి ష్రౌడ్‌ల వెనక పెట్టుకోండి. ప్రతి ష్రౌడ్ మీదా క్లోవ్ హిచ్ ముడి. ముడి బిగించేటప్పుడు దారాన్ని పక్కకి లాగకండి, ఒక్కోదానికీ వెంట్రుకవాసి లాగినా పైకి వెళ్లేసరికి బయటి ష్రౌడ్‌లు లోపలికి నడుం వంచుతాయి. ఐదారు మెట్లకోసారి స్కేలు ఆనించి చూడండి.

కిట్‌లో కప్పీలు డబ్బాల్లా నలుచదరంగా ఉంటే మార్చుకోండి, లేదా ఒక గాజు సీసాలో గరుకు కాగితం చుట్టి, కప్పీలు పోసి గిలక్కొడితే మూలలు గుండ్రబడతాయి. సొంతంగా చేసుకోవాలంటే ఏటికొప్పాక లక్కబొమ్మలకి వాడే అంకుడు కర్ర చూడండి. రేఖ సన్నం, తెల్లటి రంగు, 3 మి.మీ. ముక్కలో 0.5 బెజ్జం వేసినా చీలదు. డెడ్‌ఐలకీ అదే.

ఇవన్నీ చాలా తరవాతి పనులు. కానీ ఒకటి మాత్రం పక్క పలకలు పూర్తవగానే, రంగు వేయకముందే చేయాలి. డెడ్‌ఐలని ఓడ పక్కకి పట్టి ఉంచే చెయిన్‌ప్లేట్‌లు ష్రౌడ్ ఏ వాలులో దిగుతుందో అదే వాలులో పోవాలి. ప్రతి ష్రౌడ్‌కీ వాలు వేరు, వెనక్కి వెళ్లేకొద్దీ ఎక్కువవుతుంది. అన్నిటినీ నిలువుగా కొట్టేస్తే తాడు బిగించినప్పుడు ఇనప పట్టీ వంగిపోతుంది. మూడు కొయ్యల్నీ జిగురు లేకుండా వాటి వాలులో నిలబెట్టి, ష్రౌడ్ తగిలే ఎత్తు నుంచి దారం లాగి, ఛానల్ (ఓడ పక్క నుంచి బయటికి పొడుచుకొచ్చే పలక) అంచు దాటి వేల్ మీద ఎక్కడ ముగుస్తుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ఏ గీతైనా ఫిరంగి కంత మీదుగా పోతే అప్పుడే డెడ్‌ఐని రెండు మూడు మి.మీ. ముందుకో వెనక్కో జరపొచ్చు. ఛానల్‌కి గాడులు పడ్డాక జరపలేరు.